ఐదు వోల్టుల దీపం

'ఠప్' మంది. రేడియో పెట్టెలోంచి సన్నగా పొగ లేచింది. భూమేష్ గబుక్కున ప్లగ్గు పీకేశాడు.

"ఏటన్నయ్యా, ఆ కాలిన కంపు?" వంటింట్లోంచి వీరదుర్గ పరుగెత్తుకొచ్చింది. అరబ్బు ఊరు రిఫాలోని ఆ విల్లాలో ఆమె పనిమనిషి. భూమేష్ ఆ ఇంటి యజమాని యూసుఫ్ దగ్గర ఎలక్ట్రీషియన్.

"కొంప మునిగింది చెల్లె! ముసలాయన పానమంత గీ రేడియల్నే ఉన్నది."

ముసలాయన అంటే యూసుఫ్ తండ్రి. ఆ పాతకాలపు వాల్వుల రేడియోతో, చుక్కా గీతల మోర్సు భాషలో, దేశదేశాల స్నేహితులతో కబుర్లాడుతుంటాడు. ఈమధ్య ఆయనకో కొత్త ముచ్చట పుట్టింది. అవతలి సిగ్నల్ వచ్చినప్పుడల్లా వెలిగి ఆరే చిన్న ఎర్ర దీపం పెట్టాలట. ఈ వయసులో షోకు కాకపోతే ఏమిటి!

దీపానికి ఐదు వోల్టులు చాలు. పెట్టెలో చూస్తే వందల వోల్టులు. చివరికి వాల్వులను వేడెక్కించే ఆరు వోల్టుల తీగలు రెండు కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని భూమేష్ వాటికి, కరెంటును ఒకే వైపు పంపే డయోడ్లు నాలుగు తగిలించాడు. ఆ తీగల్లో ఒకటి రేడియో ఇనప ఒంటికే అతికి ఉందని చూసుకోలేదు. అలాంటి చోట ఒక్కటే పెట్టాలి, నాలుగు పెడితే నిప్పే.

అన్నీ పీకేసి, ఒక్క డయోడు పెట్టి, మళ్ళీ ప్లగ్గు పెట్టాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. సిగ్నల్ రాగానే దీపం మిణుకుమంది. కానీ స్పీకరు కిక్కురుమనలేదు. వాల్యూమ్ ఎంత తిప్పినా అంతే.

"స్పీకరు కాలిపోయింది చెల్లె. ఎల్లుండి నా ఫ్లైటు. పుట్టినకాన్నుంచి కొడుకును ఫోన్ల జూసుడే, ఒక్కసారి ఎత్తుకోలే."

పొద్దున యూసుఫ్ గట్టిగానే చెప్పి వెళ్ళాడు: "రేడియోకేమైనా అయిందా, నీ లీవు ఖలాస్. మా బాబా నామీద అలిగాడు. పిలిస్తే పలకడు. ఆ పెట్టె ఒక్కటే ఆయనకు తోడు."

"పెద్దాయనకి నిజం చెప్పెయ్యన్నయ్యా. కనికరిస్తాడేమో!"

"అమ్మో! మాట్లాడుతుంటే మొఖం మీదికెల్లి కండ్లు తియ్యడు. నాకు చెమటలు పడ్తయి."

ఇంతలో ఆయన రానే వచ్చాడు. కుర్చీ లాక్కుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. మిణుకుమంటున్న దీపాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. భూమేష్ పనిముట్లు సంచిలో వేసుకోసాగాడు.

వెనకే యూసుఫ్ వచ్చాడు. వస్తూనే వాల్యూమ్ గిర్రున తిప్పాడు. చప్పుడు లేదు.

"చంపేశావా దీన్ని?" హిందీలో అరిచాడు. "లీవు లేదు, ఏమీ లేదు. యల్లా, క్యాంపుకు పో!"

"గల్తీ అయింది భాయ్!" భూమేష్ రెండు చేతులూ జోడించాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "నా కొడుకును ఒక్కసారి చూసుకొస్తాను. తర్వాత ఏ శిక్షయినా వెయ్యండి."

"బాబా! వీడు నీ రేడియో పాడుచేశాడు!"

ముసలాయన తల తిప్పలేదు.

"చూశావా? పలకడు!" యూసుఫ్ భూమేష్‌తో అన్నాడు. తండ్రి భుజం పట్టి ఇటు తిప్పాడు. "స్పీకరు కాల్చేశాడు, బాబా. అందుకే వీడికి లీవు లేదంటున్నాను."

ముసలాయన కొడుకు ముఖంలోకి చూశాడు. భూమేష్ జోడించిన చేతులు చూశాడు. తర్వాత రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చి, తెగి దుమ్ముపట్టిన రెండు తీగలు బయటికి లాగాడు.

"ఇవి నేనే నెల కిందట కోసేశాను. ఇతన్ని ఇంటికి పంపించు."

"ఎందుకు కోశావు బాబా?"

"అది ఎంత మోగుతోందో నాకు తెలియడం లేదు. మీరు మాట్లాడుతుంటే పెదవులు చూసి తెలుసుకుంటున్నాను. స్పీకరుకు పెదవుల్లేవు కదా, బిడ్డా!"