ఎడమ స్పీకరు

"అక్కా, రెండోది పెట్టెలోనే వదిలేశావేం?" అన్నాడు తమ్ముడు, కుడివైపు స్పీకరుకు వైరు బిగిస్తూ. తక్కువ ధరలో ఇవే నయమని ఇద్దరూ కలిసి కొన్న జత అది.

"ఒకటి చాలదూ? నాన్నకి ఎడమ చెవి..." అని ఆగిపోయిందామె. నాన్న పోయి నెల దాటినా ఆమెకింకా ఏడుపు రాలేదు.

తమ్ముడు రెండోదానికీ వైరు బిగించి, దాన్ని నాన్న కుర్చీకి ఎడమవైపు నిలబెట్టి, ఆయన రోజూ వినే పాట పెట్టాడు. "అందులో కూర్చో. మధ్యన కూర్చుంటేనే తెలుస్తుంది."

చరణం అయిపోయి, ఇన్నేళ్లూ ఉత్త తాళం తప్ప ఏమీ వినబడని చోట, ఎడమవైపు నుంచి వయొలిన్ మోగింది.

"ఇదెక్కడిదిరా?"

"పాటలో ముందునుంచీ ఉన్నదే, ఎడమ స్పీకరులోనే వస్తుంది. నాన్న చెవి బాగున్నప్పుడు పాత సెట్టులో రెండూ మోగేవి. తర్వాత ఎడమది మనమే పీకేశాంగా, ఎలాగూ వినబడదని."

పాట సరిగ్గా ఆ చోటికి వచ్చినప్పుడే నాన్న వేళ్లు కుర్చీ చేతి మీద ఆడేవి. నరాల బలహీనతేమోనని ఆమె ఎన్నిసార్లో ఆయన చేతిని పట్టుకుని ఆపింది.

తడిమి చూసింది. కుర్చీ ఎడమ చేతి మీద పాలిష్ నాలుగు వేళ్ల మేర అరిగిపోయి ఉంది.

"మళ్లీ మొదట్నుంచి పెట్టరా," అంది.