గట్టు అవతల

"బురద లేపే ఈ కార్పు చేపల పిల్లల్ని కొరమీనులు మింగేస్తాయమ్మా. నీళ్లు మళ్లీ తేటపడతాయి," అంటూ చేపలవాడు కుంట ఒడ్డున కొరమీనుల డ్రమ్ము దించాడు.

"వదిలెయ్," అందామె.

"వానకు కుంట పొంగితే గట్టు దాటి మీ అక్కగారి వైపుకీ పోతాయి. ఆవిడ రంగుచేపల్లో ఒక్కటీ మిగలదు. ముందు ఆవిడకో మాట చెప్పండి."

నాన్న పోయాక కుంట మధ్య గట్టు వేసి పంచుకున్నప్పటి నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

"నువ్వే చెప్పి రా."

"నేను చెబితే బాగుండదమ్మా."

ఆమె గట్టెక్కింది. అవతల అక్క ఒక్కతే మెట్టుమీద కూర్చుని చేపలకు మేత వేస్తోంది. జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందో.

"అక్కా, కొరమీనుల్ని వదులుతున్నా. నీ చేపలు పోతాయేమో."

అక్క మేత గిన్నె పక్కన పెట్టింది.

"పోతే పోనీవే. వాటితో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చింది. వచ్చి కూర్చో."