పన్నెండు శాతం

కొత్త ఆఫీసరమ్మ తెర మీద ఆఫీసులోని కంప్యూటర్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఏది ఎంత పనిచేస్తోందో గీతలు లేస్తూ పడుతూ చెప్పేస్తున్నాయి.

మూలగదిలోది మాత్రం పన్నెండు శాతం దగ్గర బిగుసుకుపోయింది. నిన్నా పన్నెండే.

నది నీటిమట్టం లెక్కగట్టే ఆఫీసు అది. మూడు రోజులుగా ఎగువన వాన తెరిపి ఇవ్వలేదు. లెక్క పూర్తయి కాగితం చేతికొస్తేనే దిగువ వీధిని ఖాళీ చేయమని హెచ్చరిక వెళ్ళేది.

ఇలాంటప్పుడు కునుకు తీసే కంప్యూటరా! ఆమెకు ఒళ్ళు మండింది. తిన్నగా మూలగదికి వెళ్ళింది.

రిటైరయ్యాక కూడా ఆఫీసు పిలిపించుకున్న ముసలాయన, గోడకు గొడుగు ఆనించి తెర చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, పన్నెండు శాతంతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు?"

"దీన్లో ఎనిమిది కోర్లున్నాయి తల్లీ, లెక్కలు చేసే బుర్రలన్నమాట. ఒక్కటే లెక్క చేస్తోంది, అదీ ఊపిరి సలపకుండా. మిగతా ఏడూ ఖాళీ. సగటు తీస్తే పన్నెండే."

"ఆ ఏడింటికీ పంచొచ్చుగా?"

"కుదరదమ్మా. ఈ గంటకి నీళ్ళెంతో తేలితేగాని వచ్చే గంట లెక్క మొదలవదు. సాయంత్రానికి అయిపోతుంది. అందాకా ముట్టుకోకండి."

"నాకు పాఠాలొద్దు. కొత్త ప్రోగ్రాం తెప్పించాను. ఎనిమిదింటినీ పరుగెత్తిస్తుంది."

"అది ఈ నదిని ఎరగదమ్మా."

చుట్టూ చేరిన నలుగురి ముందూ తగ్గడం ఆమెకు నామోషీ అనిపించింది. వంగి స్విచ్ ఆపేసింది. రెండు రోజుల లెక్క తెరతోపాటే ఆరిపోయింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

ముసలాయన గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"దిగువ వీధిలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా అమ్మ ఉంది. అయితే?"

"పైకి తెచ్చేసుకోండి."

"ఏ లెక్క ప్రకారం?"

"లెక్క మీరు ఆపేశారు కదమ్మా."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పంతానికి పోయి అమ్మకు ఫోనైనా చేయలేదు.

కొత్త ప్రోగ్రాం ఎనిమిది కోర్లనీ పరుగెత్తించి గీతను నూటికి ఎక్కించింది. చూసి మురిసిపోయింది ఆఫీసరమ్మ. గంటలో అది ప్రమాదమేమీ లేదని తేల్చేసింది. ఆ కాగితం కింద ఆమె సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున దిగువ వీధిలో కిటికీల దాకా నీళ్ళు.

మెట్ట మీది బడిలో, తడిసిన జనం మధ్య, అమ్మ కనిపించింది. ఆఫీసరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"హెచ్చరిక పంపలేదుగా అమ్మా, ఎలా వచ్చావు?"

"మీ ఆఫీసాయనటగా, నిన్న మధ్యాహ్నం నుంచీ గొడుగు పిడితో ఇంటింటి తలుపూ బాదాడు. కాగితమేదని కొందరు తిట్టి పంపారు. నేను మాత్రం ఆ చప్పుడు వినగానే లేచొచ్చేశా."

"ఆయనెక్కడ?"

అమ్మ నీళ్ళ వైపు చూసింది.

"చివరింటికని మళ్ళీ దిగాడు, రాలేదు. నీ మూడో ఏట, ఇలాంటి వరదలోనే, మన తలుపు బాది, నిన్ను భుజానేసుకుని ఈ మెట్లెక్కించింది ఆయనేనే."