మెయిన్ స్విచ్

బట్టల ఫ్యాక్టరీలో నాతోపాటే కుట్టుపని చేసే నా మనవరాలు అద్దం పక్కన మా కార్మిక సంఘం నాయకురాలి ఫోటో అంటించింది. రోజూ జడ వేసుకుంటూ, "నేనూ ఆమెలా కావాలి అమ్మమ్మా" అంటుంది. నా కడుపు భగ్గుమంటుంది.

సమ్మెనాడు ఆమె బల్లెక్కి మాట్లాడింది, నిజమే. అంతకుముందు మెషిన్ల మెయిన్ స్విచ్ కట్టేసింది మాత్రం నేను. లేకపోతే ఆ రొదలో ఆమె గొంతు ఎవరికి వినపడేది?

ఇదంతా మనవరాలి చేత కాగితం మీద రాయించాను.

"ఎంత కుళ్లే నీకు!" అని నవ్వింది.

"కుళ్లే. అదీ రాయి."

"ఇంతకీ ఇది ఎవరికి?"

"సంఘం ఎన్నికల అధికారికి. నామినేషన్‌లో మన అర్హత రాయాలటగా? ఈసారి ఆమె మీద నేను నిలబడుతున్నా. వేలిముద్ర ఎక్కడెయ్యాలో చూపించు."

దాని నవ్వు ఆగిపోయింది. చోటు చూపించి, కింద ఇంకేదో రాసింది.

"ఏం రాశావే?"

"బలపరిచేవాళ్లు కావాలిగా. నా పేరు."