గుప్పిట్లో ఉంగరం

చిన్ననాటి సరదాని నమ్ముకుని గుమాస్తా ఉద్యోగం మానేశాడతను. ఇప్పుడు హోటల్లో బల్లబల్లకీ తిరిగి కనికట్టు చేస్తున్నాడు. ఆ రాత్రి కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

“కొత్తది నేర్చాను. నీ ఉంగరం ఓసారి ఇవ్వు,” అన్నాడు భార్యతో.

“అక్కడ చేసింది చాలదా, ఇంట్లో కూడానా!” అంటూనే తీసిచ్చింది.

గుప్పిట మూశాడు. ఉంగరాన్ని చొక్కా చేతిలోకి జార్చాలి. జార్చకముందే గుప్పిట తేలికైపోయింది. తెరిస్తే ఖాళీ. చొక్కా దులిపాడు. నేల మీద ఏదీ పడిన చప్పుడు లేదు.

“నీ ఉంగరం కనబడటం లేదే.”

“నాకు ఉంగరం ఎప్పుడుందండీ?”

ఆమె వేలి మీద ఏళ్లనాటి నొక్కు కూడా లేదు.

లోపల పసిది ఏడ్చింది.

“కాస్త ఎత్తుకోండి, పాలు తెస్తాను,” అందామె.

అతను చేతులు రెండూ జేబుల్లో దోపుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.