కోరపన్ను, ఎడమ కన్ను

వేషాల గదిలో కథకళి గురువు నాణుక్కుట్టన్ ఆశాన్‌కు కాలు నిలవడం లేదు. ఆరింటికి గుడి ముందు కథకళి. ఆయనది కోపిష్టి ముని వేషం. ముఖానికి రంగు పని తక్కువ, కళ్లకు పని ఎక్కువ.

మధ్యాహ్నం ఆ కళ్లకే ఎసరు పెట్టుకొచ్చానేమోనని ఇప్పుడాయన భయం.

ఎడమవైపు పై కోరపన్ను మూడు రోజులుగా ప్రాణం తోడేసింది. వీధి చివరి పళ్ల డాక్టరు సుధర్మ రెండింటికి రూట్ కెనాల్ చేసింది. సూది పొడిచి, పంటిలో కుళ్లినదంతా శుభ్రం చేసి, పూడ్చి పంపింది. నొప్పి మాయం. దాంతోపాటు ఎడమ బుగ్గ, పై పెదవి కూడా మాయం. తాగిన టీ గడ్డం మీదుగా కారుతున్నా తెలియడం లేదు.

"ఇంకో మూడు గంటల పాటు మొద్దుగానే ఉంటుంది," అని చెప్పింది సుధర్మ. "ఆ పెదవి కింద పొగాకు మాత్రం మానండి ఆశాన్. ముప్పై ఏళ్లుగా చేతికి అందిందల్లా అక్కడే దోపుతున్నారు."

రూట్ కెనాల్ సంగతి వినగానే బావమరిది అప్పుకుట్టన్ గుండె బాదుకున్నాడు.

"కోరపంటికా చేయించావు! దాని నరం తిన్నగా కంటికే పోతుంది బావా. పీకించేసుకుంటే పోయేది."

"పీకిస్తే మాత్రం నరం తెగదా?"

అప్పుకుట్టన్ కాస్త తడబడ్డాడు. "అది వేరు. ఇందులో లోపలి వేళ్లన్నీ తోడేస్తారట. మా వీధిలో ఒకాయనకు చేశారు. ఇప్పుడు పేపరు కూడా చదవలేడు."

"ఆయన వయసెంత?"

"ఎనభై ఒకటి."

దుస్తులు కట్టే చాత్తుణ్ణి అనేవాడు మాట అందుకున్నాడు. "అదొక్కటేనా! పన్ను నల్లబడి చచ్చి, దాని విషం ఒళ్లంతా పాకుతుందంట."

"నోళ్లు ముయ్యండిరా!" అన్నాడు ఆశాన్. మొద్దు పెదవితో ఆ మాట సగమే పలికింది. ఇద్దరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. పదేళ్ల వయసు నుంచి తెల్లవారకముందే లేచి, కంట్లో నెయ్యి పోయించుకుని సాధన చేసిన కళ్లు అవి. ఆయనకు పొలం లేదు, కొట్టు లేదు. ఉన్నవల్లా ఆ రెండే.

అద్దం ముందు కూర్చుని చుండ గింజల డబ్బా తెరిచాడు. ఆవగింజంత గింజను తడిపి రెప్ప కింద పెట్టుకుంటే కాసేపట్లో కన్ను ఎర్రబడుతుంది. వేషం కట్టేవాళ్లందరూ చేసే పనే. రెండు గింజలు తీశాడు. కుడి కన్ను కింది రెప్ప లాగి గింజ పెట్టాడు.

"బావా, ఎడమ కంటికి ఇవాళ వద్దేమో," అన్నాడు అప్పుకుట్టన్ చెవి దగ్గర చేరి. "అసలే నరం..."

"నువ్వు అవతలికి ఫో!"

ఆ కోపంలోనే డబ్బా ఠపీమని మూసి, రెప్పలు వాల్చి కనుగుడ్లు తిప్పడం మొదలుపెట్టాడు.

పావుగంట తర్వాత అద్దం చూసుకున్నాడు. కుడి కన్ను మందారంలా ఉంది. ఎడమ కన్ను పాలలా తెల్లగా ఉంది.

ఇంకో పావుగంట గడిచింది. ఎర్ర జీర కూడా లేదు. గింజ ఉన్న స్పర్శయినా లేదు.

"చచ్చిపోయింది," అన్నాడు. "నా కన్ను చచ్చిపోయిందిరా."

అప్పుకుట్టన్ 'నేను చెప్పలేదూ' అనబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు. చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు కోసం పరుగెత్తాడు.

ఆశాన్ ఆ మూల నుంచి ఈ మూలకు, ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాడు. కుడి కన్ను మూసుకుని గోడ మీది కేలెండరు చదివాడు. అంకెలన్నీ కనిపించాయి. అయినా నమ్మకం కుదరలేదు. మళ్లీ చదివాడు. బయట చెండ డోళ్లు బిగిస్తున్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటే ఎప్పుడూ ఉత్సాహం పుట్టేది. ఇవాళ ఏడుపొచ్చింది.

సుధర్మ వచ్చేసరికి అయిదు కావస్తోంది.

"చూడమ్మా నీ నిర్వాకం!" ఆశాన్ ఎడమ కన్ను చూపించాడు. "ఒంటి కన్నుతో కోప్పడే ముని ఎక్కడైనా ఉన్నాడా? ముప్పై రెండేళ్ల వేషాల బతుకమ్మా ఇది!"

"పంటి నరం వేరు, కంటి నరం వేరు ఆశాన్. ఎన్నిసార్లు చెప్పాను?"

"మరి ఇదెందుకు ఎర్రబడలేదు?"

అప్పుకుట్టన్, చాత్తుణ్ణి ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలాడించారు.

"ముందు పన్ను చూడనివ్వండి," అని సుధర్మ టార్చి వెలిగించింది. "మళ్లీ పొగాకు దోపారా?"

"ఒట్టు! పొద్దుటి నుంచి ముట్టలేదు."

ఆమె ఆ మొద్దుబారిన పెదవిని వేలితో పైకెత్తగానే, తడపడానికని అలవాటు కొద్దీ ఆశాన్ దోపుకుని మరిచిపోయిన రెండో చుండ గింజ కోరపంటి మీద తాపీగా కూర్చుని కనిపించింది.