రంగుల పెద్దాయన తీర్పు

గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. సన్నని వాన, గాలి లేదు. రైలు డ్రైవరు గొడుగు ముడిచి, రంగుల దుకాణం గుమ్మం ముందు ఆగాడు. ఇరవై రెండేళ్ళుగా సిగ్నళ్ళు చూసి రైలు నడుపుతున్న మనిషి. ఆ గుమ్మం దాటటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

కారణం ముందురోజు మధ్యాహ్నం పుట్టింది. సెలవు దొరికితే అచ్చు బొమ్మలకు రంగులు వేసుకోవటం అతనికి సరదా. భార్య కొత్తగా కొనిచ్చిన నీటిరంగు పెన్సిల్‌తో ఒక సముద్రాన్ని నింపాడు. బూడిదలా పడింది. తడి కుంచెతో అద్దాడు. ముదురు నీలమై కూర్చుంది. మారింది రంగా, తన చూపా?

సోమవారం డ్రైవర్లకు ఏటా జరిగే కంటి పరీక్ష. రంగులు పోల్చలేనివాణ్ణి ఆ రోజే ఇంజను నుంచి దింపేస్తారు. అంతకంటే పెద్ద భయం దాని వెనకే ఉంది. చూపు ఎప్పటినుంచి చెడింది? ఎనిమిది వందల మందిని వెనక కూర్చోబెట్టుకుని ఎన్నాళ్ళుగా గుడ్డిగా పోతున్నాడు?

భార్యను అడిగితే సరిపోయేది. కానీ ఆమెను అడగటమంటే ఆమెకు చెప్పటమే. "ఏమిటండీ ఆ మొహం, సముద్రంలో మునిగారా?" అని ఆమె నవ్వితే, తానూ నవ్వి ఊరుకున్నాడు.

దుకాణంలో యజమాని ఒక్కడే ఉన్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని రంగుల పెద్దాయన అంటారు. యాభై ఏళ్ళ అనుభవం. రెండు గులాబీ ఛాయల మధ్య తేడా తేలక చిత్రకారులు తగువుపడితే, తీర్పు ఆయనదే. డ్రైవరు వెతుక్కుంటూ వచ్చింది అందుకే.

పెన్సిల్ సంగతి అడిగితే, పెద్దాయన మొదట ఆ సందేహం తీర్చాడు. నీటిరంగు పెన్సిల్ పొడిగా ఉన్నంతసేపూ చప్పగానే ఉంటుందట. తడి తగిలాకే అసలు రంగు బయటపడుతుందట. మార్కర్ల సంగతి వేరట. గీసినప్పుడే అసలు రంగు చూపిస్తాయి, కాకపోతే కాగితం పల్చనైతే అవతలి పేజీకి దిగిపోతాయి.

"మూత రంగు నమ్మి మాత్రం కొనకు నాయనా. మూత చూసి మార్కరు కొన్నవాడూ, ఫొటో చూసి పిల్లను ఒప్పుకున్నవాడూ తరవాత ఒకేలా ఏడుస్తారు," అన్నాడు.

డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఇంటిదారి పట్టి ఉంటే తరువాతిదేమీ జరిగేది కాదు. కానీ భయపడ్డవాడికి ఒక్క సాక్ష్యం చాలదు. ఇంకో రుజువు కోసం కాగితాలు చూపించమన్నాడు.

పెద్దాయన రెండు కట్టలు బల్ల మీద పెట్టాడు. నీళ్ళు వాడతావు కనుక మందపు కాగితమే తీసుకోమన్నాడు. రెండూ మందమేననీ, రెండిటిదీ మీగడ రంగేననీ, ఏది తీసుకున్నా ఒకటేననీ చెప్పాడు.

డ్రైవరు చూశాడు. ఒక కట్ట మీగడ రంగు. రెండోది సున్నంలా తెల్లగా ఉంది.

అడగబోయి ఆగిపోయాడు. పక్కనే ఒక డబ్బాలో పేర్లు చెరిగిపోయిన విడి పెన్సిళ్ళున్నాయి. ఒకటి తీసి, చిత్తుకాగితం మీద గీసి, కుంచెతో తడిపాడు. ఆకాశపు నీలం. అనుమానమే లేదు.

"ఇదేం రంగంటారు?"

పెద్దాయన వంగి చూశాడు. క్షణం కూడా తడుముకోలేదు.

"ఆకుపచ్చ. లేతది. ఏం?"

"ఏం లేదు. నేనూ అదే అనుకున్నా."

ఇంకొకటి గీశాడు. అది అతనికి ఊదా రంగు. పెద్దాయనకు గోధుమ రంగు. మూడోదాన్ని ముట్టుకునే ధైర్యం లేకపోయింది.

"చెమటలు పడుతున్నాయేమిటి నాయనా? కాసేపు కూర్చో."

"వానలో తడిశానండీ, అంతే."

పెద్దాయన చెప్పిన పెన్సిళ్ళూ, మార్కర్లూ, కాగితమూ అన్నీ కొన్నాడు. కొనకపోతే ఎందుకొచ్చావని అడుగుతాడేమోనని భయం. వీధి మలుపులో సిగ్నల్ దీపం ఆకుపచ్చగా కనిపించింది. అతను కదలలేదు. పక్కవాళ్ళు దాటాక, వాళ్ళ వెనకే దాటాడు.

మరునాడు ఉదయం పై అధికారికి అర్జీ ఇచ్చాడు. నడుం నొప్పి అని రాశాడు. బల్ల దగ్గర కూర్చునే పని ఏదైనా ఇప్పించమన్నాడు. అధికారికి ఏమీ అర్థం కాలేదు.

"ఇంత సర్వీసున్నవాడివి. సోమవారం పరీక్ష కానియ్, తరవాత చూద్దాం."

"అందాకా ఆగలేనండీ. ఇంజను ఎక్కలేను."

ఆ గొంతు విని అధికారి సంతకం పెట్టాడు. అప్పటినుంచి అతను సమయపట్టికల విభాగంలో, ఇతరులు నడిపే రైళ్ళ రాకపోకలు రాస్తూ కూర్చున్నాడు. కూత వినిపించినప్పుడల్లా కలం ఆగేది. భార్య ఏడాదిపాటు రోజూ అతని నడుముకు మందు రాసింది. రంగులు బీరువా అడుగుకు చేరాయి. కంటి డాక్టరు గడప అతను మళ్ళీ తొక్కలేదు. పరీక్ష లేని ఉద్యోగంలో తొక్కాల్సిన అవసరమూ రాలేదు.

నాలుగేళ్ళ తరువాత, రంగుల పెద్దాయన రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు తీసిన డాక్టరు, కనీసం ఆరేళ్ళుగా ఆయనకు తెలుపు పసుపుగానూ నీలం ఆకుపచ్చగానూ కనిపిస్తూ ఉండి ఉంటుందని చీటీలో రాశాడు.